బాకీ వేరు, ఋణం వేరు



మన విచారణలలో ఈమధ్య తరచుగా వినిపిస్తున్న మంచి మాట ఒకటుంది: "ఫాదర్, మావాడు డాక్టరయ్యాడు", "మా అమ్మాయి పి.జి. పూర్తి చేసింది." ఆ ఇంటివారు కృతజ్ఞతగా దివ్యపూజ పెట్టించుకుంటారు, గుడి బయట అందరికీ మిఠాయి పంచుతారు. ఆ సంతోషం న్యాయమైనదే. అయితే దాని వెనుకనే ఒక ప్రశ్న కూడా ఆ ఇంటి గడప తొక్కుతుంది. ఇన్నాళ్లూ స్టైపెండుతో నెట్టుకొచ్చిన బిడ్డ చేతికి మొదటిసారి నిండు జీతం వస్తుంది. ఆ జీతం ఎవరిది? చదివినవాడిదా, చదివించినవారిదా? దాన్ని ఏ వరుసలో ఖర్చు పెట్టాలి? ఇది బ్యాంకు పాసు పుస్తకంలో తేలిపోయే లెక్క అనుకుంటాము. కాస్త ఆలోచిస్తే ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న అని తెలుస్తుంది.

మన పల్నాడులో ఒక డాక్టరు ఎలా తయారవుతాడో ముందు గుర్తు చేసుకుందాం. ఇంటర్మీడియట్ తరువాత నీట్ పరీక్షకు ఒక ఏడాది, ఒక్కొక్కప్పుడు రెండేళ్లు కోచింగు. ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర సంవత్సరాలు, ఆపైన ఒక ఏడాది హౌస్ సర్జన్సీ. స్పెషలిస్టు కావాలంటే మరి మూడేళ్లు పి.జి. అంటే సొంత సంపాదన మొదలయ్యేసరికి ముప్పై ఏళ్లు దగ్గర పడతాయి. తోటి విద్యార్థి ఇంజనీరింగు చదివి ఇరవై రెండేళ్లకే జీతం తెచ్చుకుంటూ ఉంటాడు. గుంటూరు వైద్య కళాశాల వంటి ప్రభుత్వ కళాశాలలో సీటు వస్తే అదృష్టమే. ప్రైవేటు కళాశాలలో యాజమాన్య కోటా అయితే ఏటా లక్షలకు లక్షలు కట్టాలి. కొందరు విదేశాలకు పంపుతారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు మన తెలుగు పిల్లలు పుస్తకాలు వదిలేసి ఇంటికి పరుగెత్తుకు రావలసి వచ్చింది.

ఈ డబ్బంతా ఎక్కడిది? 1967లో సాగర్ కుడి కాలువకు నీరు వదిలిన తరువాత విలువ పెరిగిన ఎకరం పొలం అమ్మిన డబ్బు. మిర్చి యార్డులో ధర పలికిన ఏడాది దాచుకున్న డబ్బు. ధర పడిపోయిన ఏడాది నోటు రాసి తెచ్చిన డబ్బు. తల్లి మెడలోనుండి బ్యాంకు లాకరులోకి వెళ్లిన బంగారం. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర పని చేసే తండ్రి అయితే ఓవర్‌టైం కూలి. వీటితోపాటు ఏ కాగితం మీదా రాయనివి కొన్ని ఉన్నాయి. తమ్ముడు డిగ్రీ మాని పొలంలోకి దిగాడు. అక్క పెళ్లి మూడేళ్లు వాయిదా పడింది. తల్లి మోకాళ్ల నొప్పికి వైద్యం చేయించుకోలేదు.

ఇప్పుడు మన ప్రశ్నకు వినిపించే రెండు జవాబులు చూద్దాం. మొదటిది యువ డాక్టరు మనసులోని జవాబు: "పదేళ్లు నిద్ర లేకుండా చదివింది నేను, రాత్రి డ్యూటీలు చేసింది నేను. ఈ డబ్బు నాది." రెండవది ఇంట్లోవారి జవాబు: "మేము పెట్టుబడి పెట్టాము. ఈ డబ్బు మాది." రెండింటిలోనూ కొంత సత్యం ఉన్నది. కాని మొదటి జవాబునే పట్టుకుంటే ఏరు దాటి తెప్ప తగలేసినట్లు అవుతుంది. రెండవదాన్నే పట్టుకుంటే బిడ్డ, బిడ్డ కాకుండా పోయి, మిర్చి పంటలాగా రాబడి లెక్క అవుతాడు.

ఈ చిక్కు విడిపోవాలంటే ఒక మాట దగ్గర ఆగాలి. మనం "ఋణం" అనే ఒకే మాటను రెండు వేర్వేరు సంగతులకు వాడుతున్నాము. బ్యాంకు ఋణం అంటాము, కన్నవారి ఋణం అని కూడా అంటాము. మొదటిదానికి మన పల్లెల్లో ఇంకొక మంచి మాట ఉంది: బాకీ. బాకీకి అంకె ఉంటుంది, తేదీ ఉంటుంది, తీరిన రోజున నోటు చించివేస్తారు. కన్నవారి ఋణానికి అంకె లేదు, గడువు లేదు. తండ్రికి బిడ్డ పడిన ఋణం ఎంత తీర్చినా తీరేది కాదని, క్రీస్తు పూర్వమే గ్రీకు తత్వవేత్త అరిస్టాటిలు తన నీతిశాస్త్రంలో చెప్పాడు. బాకీ న్యాయానికి సంబంధించింది. ఋణం కృతజ్ఞతకు సంబంధించింది. ఈ రెండింటినీ కలిపి చూడడం వల్లనే ఎన్నో ఇళ్లలో కలతలు పుడుతున్నాయి.

ముందుగా బాకీ సంగతి. జీతం వచ్చిన నెలలోనే ఇంట్లో అందరూ కూర్చుని ఉన్న బాకీలన్నీ ఒక కాగితం మీద రాయాలి. బ్యాంకు విద్యా ఋణం, బంగారం తాకట్టు, ఊళ్లో నోటు బాకీ, బావగారు వడ్డీ లేకుండా ఇచ్చినది, అన్నీ రాయాలి. చాలామంది డాక్టర్లకు తమ చదువుకు ఇల్లు ఎంత అప్పు పడిందో తెలియనే తెలియదు. చదువు చెడుతుందని తండ్రి చెప్పడు, భయంతో బిడ్డ అడగడు. చదువుకునే కాలమంతా బ్యాంకు ఋణం మీద కూడా వడ్డీ పెరుగుతూనే ఉంటుందని కూడా చాలామందికి తెలియదు.

తరువాత ఏది ముందు తీర్చాలో చూడాలి. బ్యాంకువాడు నోటీసు పంపుతాడు కనుక అది ముందు తీర్చాలని అనిపిస్తుంది. ఊళ్లో ఇచ్చినాయన ముఖం చూసి ఊరుకుంటాడు. కాని వడ్డీ ఎవరిది ఎక్కువ? నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. పది లక్షల నోటు మీద నెలకు ఇరవై వేల రూపాయల వడ్డీ. 2022లో మన రాష్ట్ర ప్రభుత్వం హౌస్ సర్జన్ల స్టైపెండును పెంచితే అది నెలకు 22,527 రూపాయలు అయింది. అంటే బిడ్డ ఆసుపత్రిలో రాత్రింబవళ్లు పని చేసి తెచ్చిన స్టైపెండు దాదాపు అంతా ఒక్క నోటు వడ్డీకే సరి.

ఉదాహరణకు ఒక లెక్క చూద్దాం. ఒక యువ స్పెషలిస్టుకు పన్ను పోను నెలకు 1,30,000 రూపాయలు చేతికి వస్తుందనుకుందాం. బ్యాంకులో పదిహేను లక్షలు పది శాతం వడ్డీకి ఉంటే, పదేళ్ల గడువు మీద నెల కంతు సుమారు ఇరవై వేలు. ఊళ్లో నోటు బాకీ పది లక్షలు, నూటికి రెండు. బ్యాంకు కంతు కట్టి, నోటు బాకీకి నెలకు అరవై వేలు కడితే, ముందు వడ్డీకి, మిగిలినది అసలుకు జమ అవుతూ ఇరవై ఒక్క నెలల్లో ఆ నోటు తీరిపోతుంది. మొత్తం కట్టేది సుమారు పన్నెండు లక్షల ముప్పై వేలు. అదే డాక్టరు కారు, ఫ్లాటు కంతులు నెత్తిన వేసుకుని నోటు బాకీకి నెలకు పాతిక వేలే కడితే, అది తీరడానికి ఆరేళ్ల పది నెలలు పడుతుంది. కట్టేది ఇరవై లక్షలు దాటుతుంది. తేడా ఎనిమిది లక్షలు. మొదటి పద్ధతిలో కూడా ఇంటి ఖర్చుకూ తల్లిదండ్రులకూ నెలకు యాభై వేలు మిగులుతాయి. అది 2022 నాటి హౌస్ సర్జన్ స్టైపెండుకు రెండింతల పైమాటే.

కాబట్టి యువ డాక్టర్లకు నేను చెప్పే మాట ఇది: నిండు జీతం వచ్చిన మొదటి రెండు మూడేళ్లు హౌస్ సర్జన్ లాగానే బ్రతకండి. జీతం పెరిగిందని జీవితం ఒక్కసారిగా పెంచకండి.

ఇక్కడ తల్లిదండ్రులు అడ్డం వచ్చి, "ఇన్నేళ్లు కష్టపడ్డాడు, ఇప్పుడైనా సుఖపడనివ్వరా ఫాదర్?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మంచి భోజనం, ఉండడానికి గాలి వెలుతురు ఉన్న ఇల్లు, వారానికి ఒక రోజు విశ్రాంతి, వీటిని మానుకోమని ఎవరూ అనరాదు. నేను చెప్పేది సన్యాసం గురించి కాదు, వరుస గురించి. బాకీ ఉండగా తెచ్చుకున్న సుఖానికి వడ్డీ ఎవరు కడుతున్నారో చూడండి. నోటు మీద సంతకం తండ్రిది. పత్తి చేలో ఎండకు నిలబడి ఆ వడ్డీ కట్టేది ఆయనే. రెంటచింతల ఎండలు ఎలా ఉంటాయో మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఇంతకంటె పెద్ద కారణం ఇంకొకటి ఉన్నది. దాన్ని కొంచెం శ్రద్ధగా వినండి. డాక్టరు ఖర్చు జీతాన్ని మించినప్పుడు ఆ లోటు ఎక్కడ పూడుతుంది? ఇతర ఉద్యోగులకు లోటు వస్తే వాళ్ల ఇల్లే ఇబ్బంది పడుతుంది. డాక్టరు ఎదుట మాత్రం రోజూ భయంతో కూర్చునే రోగి ఉంటాడు. దుర్గి నుండో, వెల్దుర్తి నుండో, బొల్లాపల్లి నుండో ఆటో ఎక్కి, బస్సు మారి వచ్చినవాడు డాక్టరుగారు ఏ పరీక్ష రాస్తే అది చేయించుకుంటాడు. అవసరమా అని అడగడానికి అతనికి చదువు చాలదు, ధైర్యం చాలదు. కంతులు తరుముతున్న డాక్టరుకు ఒక్క పరీక్ష ఎక్కువ రాయడం, ఒక్క రోజు ఎక్కువ అడ్మిషనులో ఉంచడం, స్కానింగు సెంటరువాడు ఇచ్చే కవరు పుచ్చుకోవడం మొదట్లో చిన్న సంగతిగానే కనిపిస్తుంది. రోగిని పంపినందుకు కమీషను ఇవ్వడాన్నీ పుచ్చుకోవడాన్నీ 2002 నాటి భారత వైద్య మండలి నీతి నియమావళి నిషేధించింది. నియమం ఉన్నా ఆ అలవాటు ఎంతగా పాతుకుపోయిందో ఆసుపత్రి మెట్లు ఎక్కిన ప్రతి కుటుంబానికీ తెలుసు.

ఆ పరీక్షకు డబ్బు కట్టడానికి రోగి ఏం చేస్తాడు? తన ఊళ్లో నూటికి మూడుకు నోటు రాస్తాడు. అంటే డాక్టరు తీర్చవలసిన బాకీ చల్లగా రోగి ఇంటికి బదిలీ అయింది! అప్పు అప్పుగానే ఉన్నది, మోసేవాడు మారాడు. డాక్టరు తండ్రి లాంటి మరొక రైతు దాన్ని మోస్తున్నాడు. అందుచేత డాక్టరు ఇంటి ఖర్చు కేవలం అతని సొంత వ్యవహారం కాదు. ఖర్చు అదుపులో ఉన్న డాక్టరే, "నీకు ఈ పరీక్ష అక్కరలేదు, ఇంటికి వెళ్లు" అని ధైర్యంగా చెప్పగలడు. "మా ఆసుపత్రి టార్గెట్లు నేను చేయను" అని యాజమాన్యానికి చెప్పి, అవసరమైతే ఉద్యోగం మారగలడు. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో విడిగా దాచుకున్నవాడి మనస్సాక్షికి నిలబడే చోటు ఉంటుంది. తమ దగ్గరకు వచ్చిన సైనికులను స్నాపక యోహాను కొలువు మానమనలేదు. ఎవరినీ పీడించకుండా తమ జీతంతో తృప్తి పడమన్నాడు. లూకా సువార్తలోని ఆ మాట ఈనాటి ఆసుపత్రులకూ సరిపోతుంది.

ఇక ఋణం సంగతి. అమ్మానాన్నల త్యాగాన్ని లెక్క కట్టి, "ఇంత ఇచ్చాను, ఇక సరి" అనడానికి వీలు లేదు. దేవునికి అర్పించామనే నెపంతో తల్లిదండ్రులను చూడని వారిని ప్రభువు గట్టిగా మందలించినట్లు మార్కు సువార్తలో చదువుతాము. దేవుని పేరు చెప్పి తప్పించుకోవడమే తప్పయితే, కొత్త కారు పేరు చెప్పి తప్పించుకోవడం ఇంకెంత తప్పు! అయితే ఋణం తీర్చేది ఎక్కువగా డబ్బుతో కాదు. తల్లి మోకాళ్లకు వైద్యం మొదట చేయించండి. నెల నెలా డబ్బు పంపినా పంపకపోయినా, వారానికోసారి ఇంటికి వచ్చి నాన్న పక్కన కూర్చోండి. పొలంలో ఆగిపోయిన తమ్ముడి పిల్లల చదువు మీ బాధ్యత అనుకోండి. తమ్ముడు అడిగేవరకు ఆగకండి, అడగడం అతనికి చిన్నతనంగా ఉంటుంది.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఋణాన్ని బాకీగా మార్చి బిడ్డ చేతికి బిల్లు ఇవ్వకండి. "నీకోసం ఎకరం అమ్మాము" అని బంధువుల ముందు పదేపదే అంటే బిడ్డలో కృతజ్ఞత ఎండిపోయి భారం ఒక్కటే మిగులుతుంది. ముఖ్యంగా, చదువు ఖర్చును పెళ్లిలో రాబట్టుకోవాలన్న ఆలోచన మానండి. "డాక్టరు సంబంధం" అనగానే మన ప్రాంతంలో ధర పలకడం మొదలవుతుంది. వరకట్నం 1961 నుండి చట్టరీత్యా నేరం. చట్టం మాట అలా ఉంచి ధర్మం చూసినా, ఇది బాకీని మరొక ఇంటి మీదకు నెట్టడమే. మీరు అమ్మిన ఎకరానికి బదులుగా ఆడపిల్ల తండ్రి తన ఎకరం అమ్ముతాడు. మీరు పడిన కష్టం తెలిసి కూడా దాన్నే ఇంకొకరికి పెట్టడం ఏ న్యాయం?

డాక్టరు అయినది కూతురైతే మన ఇళ్లలో ఇంకొక అన్యాయం జరుగుతోంది. ఆమె చదువుకు చేసిన బాకీ పుట్టింట ఉండిపోతుంది, ఆమె జీతం మాత్రం అత్తింటికి పోతుంది. అల్లుడికి చెప్పుకోలేక తండ్రి ఒక్కడే ఆ వడ్డీ కట్టుకుంటూ ఉంటాడు. కుమారుడు బాకీ తీరిస్తే ధర్మం, కుమార్తె తీరిస్తే పుట్టింటికి దోచిపెట్టడమా? పెళ్లి మాటల్లోనే ఈ సంగతి స్పష్టంగా మాట్లాడుకోవాలి. తన చదువు బాకీ తీరేవరకు తన జీతంలో ఇంత భాగం పుట్టింటికి వెళుతుందని ఆ అమ్మాయి ముందుగా చెప్పడానికి సిగ్గుపడనక్కరలేదు. దానికి ఒప్పుకోని సంబంధం, ఆమెను కాక ఆమె జీతాన్ని కోరుకున్న సంబంధం.

మరి దానధర్మాల మాట? కొందరు మొదటి జీతం మొత్తం గుడికి ఇస్తామని మొక్కుకుంటారు. భక్తి మంచిదే. అయితే అప్పు తీర్చడం ముందు, దానం తరువాత అని పునీత తోమాసు అక్వినాసు గారు బోధించారు. ఎదుటివాడు ప్రాణావసరంలో ఉన్నప్పుడు ఈ వరుస మారవచ్చన్నారు. నోటు ఇచ్చిన రైతు తన కూతురి పెళ్లికి డబ్బు అందక తిరుగుతుంటే, ఆ డబ్బుతో మనం చేసే దానం నిజానికి ఎవరి సొమ్ము? బాకీలు ఉన్నంతకాలం గుడికి చిన్న కానుక చాలు. డాక్టరు దగ్గర డబ్బు కాని దానం ఒకటి మొదటి రోజు నుండే ఉంటుంది. వారంలో ఒక పూట లేనివారిని ఫీజు లేకుండా చూడవచ్చు. విచారణలో వృద్ధులకు బి.పి., షుగరు చూసి, మందుల చీటీ ఓపికగా వివరించవచ్చు. దీనికి అప్పు అడ్డం రాదు.

మన గుంటూరు మేత్రాసనానికి దీనిలో గొప్ప వారసత్వం ఉంది. ఆస్ట్రేలియా దేశపు మెల్బోర్న్ నగరంలో వైద్యం చదివి, పేరున్న డాక్టరుగా స్థిరపడిన మేరీ గ్లౌరీ అనే ఆమె, ఆ సంపాదన వదులుకుని 1920లో గుంటూరు వచ్చి, జె.ఎం.జె. సభలో మఠకన్య అయి, మన పేద స్త్రీలకూ పిల్లలకూ దశాబ్దాలు వైద్యం చేసింది. 1943లో కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించింది. 1957లో బెంగళూరులో మరణించింది. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. ప్రతి డాక్టరూ ఆమెలా అన్నీ వదులుకోవాలని నేను అనను. అది ప్రత్యేకమైన పిలుపు. కాని జీతం ఎంత అన్నదాన్ని బట్టి డాక్టరు గొప్పతనాన్ని కొలవనక్కరలేదని ఆమె జీవితం చూపిస్తోంది.

చివరిగా, ఆచరణకు నాలుగు సంగతులు. ఒకటి: విద్యా ఋణంలో తండ్రి కూడా సంతకం చేసి ఉంటాడు కనుక, ఆ బాకీకి సరిపడా టర్మ్ పాలసీ మీ పేరున తీసుకోండి. అనుకోనిది జరిగితే ముసలితనంలో ఆయన మీద ఆ భారం పడకూడదు. రెండు: చాలా ఆసుపత్రులు డాక్టర్లకు ఇచ్చే ఫీజులో నూటికి పది పన్నుగా పట్టి ఇస్తాయి. దానితో పన్ను తీరిపోయిందని అనుకోకండి. ఏడాది మొత్తం లెక్క చూపించి, ఇంకా కట్టవలసింది ఉంటే దానికి డబ్బు విడిగా ఉంచండి. మూడు: బాకీ ఉండగా కొత్త అప్పు చేసి స్థలాలు కొనకండి. 2015లో అమరావతి శంకుస్థాపన నాడు పెరిగిన ధరలు చూసి అప్పులతో ప్లాట్లు కొన్నవారు, 2019 తరువాత పనులు ఆగినప్పుడు వడ్డీలు కట్టలేక ఎంత నలిగిపోయారో మన కళ్లతో చూశాము. నాలుగు: స్నేహితుడి నర్సింగ్ హోముకు మొహమాటంతో హామీ సంతకం పెట్టకండి. సంతకం పెట్టిన రోజున ఆ బాకీ మీది కూడా.

పునీత పౌలు గారు రోమీయులకు రాస్తూ, ఒకరికొకరు ప్రేమ తప్ప మరేదీ బాకీ ఉండవద్దన్నారు. మనం ఇంతసేపు చెప్పుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. అంకె ఉన్న బాకీని త్వరగా, పూర్తిగా, రోగి మీద పడకుండా తీర్చాలి. అంకె లేని ఋణాన్ని జీవితమంతా సంతోషంగా మోయాలి.

ఈ ఏడాది మీ ఇంట్లో డాక్టరు జీతం మొదలవుతున్నదా? అయితే ఒక ఆదివారం సాయంకాలం అమ్మ, నాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ కలిసి కూర్చుని, ఆ బాకీల కాగితం రాయండి. రాసేటప్పుడు డాక్టరు చేతికే కలం ఇవ్వండి. ఎవరెవరు తన కోసం ఏం చేశారో తన చేత్తో రాసుకున్నవాడు, రేపు తన ఎదుట కూర్చున్న రోగి ఎక్కడ అప్పు తెచ్చి వచ్చాడో తప్పక అడుగుతాడు.